ఇంటిపేరు జారిపోయిన చోట: కొత్తవాడ నుంచి బోల్టన్ దాకా ఒక కుటుంబ రికార్డుల అన్వేషణ

హన్మకొండలో కోర్టుకు దగ్గరగా ఒక చిన్న గదిలో పత్రాల అనువాదం, పాత రికార్డుల సేకరణ వృత్తిగా చేస్తున్నాను. వీసా కోసం జనన ధ్రువపత్రంలో పేరు సరిచేయించుకోవలసినవారు, గల్ఫ్‌లో మరణించిన మనిషి కాగితాలు కావలసినవారు, భూమి పంచాయితీలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కావలసినవారు నా దగ్గరికి వస్తారు. కేవలం తమవాళ్లు ఏమయ్యారో తెలుసుకోవడానికి వచ్చేవారు చాలా తక్కువ. ఇక్కడ రాస్తున్న కేసు అలాంటిది. కుటుంబం అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు, చిరునామాలు, మనుషులను గుర్తుపట్టగల ఇతర వివరాలు తీసివేశాను.

కేసు తెచ్చినవారు వరంగల్ కొత్తవాడలోని నేత కుటుంబంలో పుట్టి, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఆయన తండ్రికి అన్న ఒకాయన ఉండేవారు. ఆజంజాహి మిల్లులో మరమగ్గాల పని నేర్చుకుని, 1958లో ఇంగ్లండులోని ల్యాంక్షైర్ బట్టల మిల్లులకు వెళ్లారు. తొమ్మిదేళ్లపాటు ఉత్తరాలు వచ్చాయి. 1967 తర్వాత ఒక్కటీ రాలేదు. ఇక్కడినుంచి రాసినవాటికి జవాబు లేదు, తిరిగి వచ్చినవీ లేవు.

ఆయన నన్ను అడిగినది చాలా చిన్న ప్రశ్న. వాళ్ల ఇంట్లో ప్రతి పెత్తరమాసకు, పోయిన పెద్దలందరి పేరు మీద బియ్యం ఇస్తారు. నాయనమ్మ బతికి ఉన్నన్నాళ్లు పెద్దకొడుకు పేరు ఆ వరుసలో చేర్చనివ్వలేదట. ఆమె పోయిన తర్వాత తమ్ముడు, అంటే ఈయన తండ్రి కూడా, ఆ మాట మీదే ఉండి పోయారు. ఇప్పుడు ఇంటికి పెద్ద ఈయనే. "మా పెద్దబాపు పేరు మీద బియ్యం ఇయ్యాల్నా, వద్దా, గదొక్కటి తేలాలె సార్" అన్నారు. వయసు లెక్క చూస్తే జవాబు ఎవరికైనా తోస్తుంది. కానీ లెక్క మీద ఆధారపడి ఒక మనిషిని పోయినవాళ్లలో కలపడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. ఆ పట్టుదల సరైనదని నాకు అనిపించింది, అందుకే ఈ పని ఒప్పుకున్నాను.

రేకుపెట్టెలో దొరికినవి

విదేశీ రికార్డుల కోసం వచ్చేవారితో ముందుగా ఇంట్లో ఉన్న ప్రతి కాగితమూ తెప్పించుకుంటాను. ఈ ఇంట్లో నాయనమ్మ దాచిన రేకుపెట్టె ఒకటి ఉంది. అందులో పదకొండు నీలిరంగు ఎయిరోగ్రాములు, మంచులో ఇటుకల ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఒక ఫొటో, మిల్లు వాళ్లు ఇచ్చిన పని అనుభవం కాగితం, ఉర్దూలో ఉన్న పాఠశాల ధ్రువపత్రం దొరికాయి. ఉత్తరాలలోని విషయం అందరికీ దాదాపు కంఠస్థం: అక్కడి చలి, జీతం, తల్లి దగ్గు, చెల్లెలి పెళ్లి ఖర్చు, పంపిన డబ్బు. 1962లో తండ్రి పోయాడని తెలిసి రాసిన ఉత్తరం అన్నిటికంటే పెద్దది.

నాకు కావలసిన సమాచారం మాత్రం ఎక్కువగా కాగితం వెనుక వైపే ఉంది. పంపినవారి చిరునామా ఆంగ్లంలో రాసే గడి అది. పదకొండు ఉత్తరాలలో మూడు చిరునామాలు కనిపించాయి, మూడూ ల్యాంక్షైర్‌లోని బోల్టన్ పట్టణంలోనివే. ఇంకొక సంగతి ఇంటివాళ్లెవరూ గమనించలేదు, ఎందుకంటే వాళ్లు చదివినది తెలుగు భాగం మాత్రమే. ఆయన తన పేరును ఆంగ్లంలో రాసుకున్న తీరు మధ్యలో మారింది. 1961కి ముందు ఉత్తరాలలో ఇంటిపేరులోని మొదటి అక్షరం, చుక్క, తర్వాత పేరు ఉన్నాయి. 1961 నుంచి ఆ పేరులోని అక్షరాల కూర్పే వేరుగా ఉంది, అక్కడివాళ్లు పలికే తీరుకు దగ్గరగా. ఈ రెండు కూర్పులనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాసిపెట్టుకున్నాను.

మొదటి అన్వేషణ ఎందుకు విఫలమైంది

నా దగ్గరికి రాకముందే ఈ కుటుంబం ఒక ప్రయత్నం చేసింది. ఉపాధ్యాయుడి అన్న కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తాడు. డబ్బు కట్టి ఒక వంశచరిత్ర వెబ్‌సైటులో సభ్యత్వం తీసుకుని, దాదాపు ఏడాదిపాటు రాత్రులు కూర్చుని వెతికాడు. ఇంగ్లండు జనన, వివాహ, మరణ సూచికలు, అంటే నమోదైన పేర్ల జాబితాలు, మూడింటిలోనూ ఒక్క నమోదు కూడా దొరకలేదు. ఇంగ్లండు వెళ్లిన ఆ పెద్దాయన పేరు మార్చుకున్నారని, లేదా ఇంకో దేశం వెళ్లిపోయారని అతను నిర్ణయానికి వచ్చాడు. ఆ నిర్ణయం ఇంట్లోవాళ్లను చాలా బాధపెట్టింది.

అతను రాసిపెట్టుకున్న వివరాలన్నీ తెప్పించుకుని చూశాను. పని శ్రద్ధగానే చేశాడు. లోపం ఒక్క గడిలో ఉంది. వెబ్‌సైటులో 'సర్‌నేమ్' అన్నచోట ప్రతిసారీ ఇంటిపేరు పెట్టాడు. ఈ రోజుల్లో పాస్‌పోర్టు దరఖాస్తులో మనం నేర్చుకున్న పద్ధతి అది. 1958లో వరంగల్ నుంచి వెళ్లిన మనిషి పేరు ఆ దేశంలో అలా నమోదు కాలేదు.

అసలు పేరు చెప్పలేను కనుక రాజయ్య అన్న పేరు అనుకుని వివరిస్తాను. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇంగ్లండు గుమస్తా దృష్టిలో మనిషి పేరులో చివరి మాటే వంశనామం. ముందు ఒక పొడి అక్షరమూ చివర 'రాజయ్య' అనీ ఉన్న కాగితం చూసి, 'రాజయ్య'ను వంశనామంగా రాసుకుంటాడు. ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించుకుపోతుంది, లేదా సొంతపేరు ఉండవలసిన గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. పెళ్లయితే భార్యకు ఆ 'రాజయ్య' వస్తుంది, పిల్లలకూ అదే వస్తుంది. ఇక్కడ బారసాల నాడు ఒక బిడ్డకు పెట్టిన పేరు అక్కడ ఒక వంశం పేరవుతుంది. విదేశాలలో మన పెద్దల కోసం వెతికేవారు ముందుగా చూడవలసినది ఇదే. ఇంటిపేరుతో వెతికితే ఆ మనిషి ఆ దేశంలో లేనట్టే కనిపిస్తాడు.

దానికి తోడు అక్షరాల సమస్య. 'రాజయ్య' వంటి పేరు చివర వై ఒకటా, రెండా, లేక ఐ అక్షరమా, ఆఖరున హెచ్ ఉందా లేదా అన్నవి రాసేవాడి చెవిని బట్టి మారతాయి. మా కేసులోని పేరుకు తొమ్మిది రూపాలు రాసుకున్నాం. ఫ్రీబీఎండీ అనే ఉచిత సూచికలో పేరు మొదటి అక్షరాలు ఇచ్చి మిగిలిన చోట నక్షత్రం గుర్తు పెట్టి వెతకవచ్చు. స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్క పేజీ చూసి ఎక్కించిన సూచిక అది. వాళ్ల శ్రమకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

నౌక జాబితా

జనన మరణాల సూచికలకు వెళ్లేముందు, ఆయన పేరు ఆ దేశపు కాగితం మీద మొదటిసారి ఏ రూపంలో పడిందో చూడాలనుకున్నాను. యూరపు బయటి రేవుల నుంచి బ్రిటన్ చేరిన నౌకల ప్రయాణికుల జాబితాలు 1878 నుంచి 1960 వరకు లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి చిత్రాలు చందా వెబ్‌సైటులలోనూ దొరుకుతాయి. ఆయన 1958లో ఓడ మీద వెళ్లడం మన అదృష్టం. 1960 తర్వాత వెళ్లినా, విమానంలో వెళ్లినా ఈ దారి మూసుకుపోయేది. భారతీయులు కామన్‌వెల్త్ పౌరులు కనుక, 1962 జులై 1న వలస నియంత్రణ చట్టం అమలులోకి వచ్చేదాకా ముందస్తు అనుమతి లేకుండానే బ్రిటన్‌లో ప్రవేశించేవారు. కాబట్టి విదేశీయులకు పోలీసులు తెరిచే నమోదు ఫైలు ఆయనకు ఉండదు. నౌక జాబితాయే దిక్కు.

ఆ కాలంలో ఆంకర్ లైన్ సంస్థ ఓడలు బొంబాయి నుంచి నేరుగా లివర్‌పూల్‌కు నడిచేవి. ల్యాంక్షైర్ మిల్లులకు వెళ్లే మనిషికి అదే దగ్గర రేవు. 1958 సెప్టెంబరు జాబితాలో ఆయన దొరికారు. పేరే వంశనామంగా ఉంది, ఇంటిపేరు స్థానంలో ఒక్క అక్షరం ఉంది. వయసు 25, వృత్తి బట్టల మిల్లు కార్మికుడు. బ్రిటన్‌లో ఉండబోయే చిరునామా అన్న గడిలో బోల్టన్‌లోని ఒక వీధి, ఇంటి నంబరుతో సహా రాసి ఉంది. మొదటి ఎయిరోగ్రాము వెనుక ఉన్న చిరునామా అదే. ఆ రెండు కాగితాలను బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు ఉపాధ్యాయుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వివాహం: నేను చేసిన తప్పు, తర్వాత దొరికిన నిజం

ఇంగ్లండు, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. దేశమంతటికీ ఒకే సూచిక ఉండటం వెతికేవారికి పెద్ద వరం. ఏడాదిని నాలుగు త్రైమాసికాలు చేసి, ఒక్కొక్కదానిని దాని ఆఖరి నెల పేరుతో, మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు అని పిలుస్తారు. సూచికలో ఉండేది సంఘటన జరిగిన తేదీ కాదు, నమోదైన కాలం. బిడ్డ పుట్టిన 42 రోజుల లోపు నమోదు చేయించవచ్చు కనుక, డిసెంబరులో పుట్టిన శిశువు మరుసటి ఏడాది మార్చి త్రైమాసికంలో కనిపించడం మామూలే. సూచికలో సంపుటం, పేజీ సంఖ్యలు ఉంటాయి. వాటిని చూపి సౌత్‌పోర్ట్‌లోని జనరల్ రిజిస్టర్ ఆఫీసు నుంచి ధ్రువీకృత నకలు ఎవరైనా తెప్పించుకోవచ్చు. బంధుత్వం నిరూపించవలసిన అవసరం లేదు. అమెరికాలో ఇలాంటి జాతీయ సూచికే లేదు. అక్కడ ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క నియమం, చాలాచోట్ల దగ్గరి బంధువులకే ఇస్తారు. బ్రిటన్‌లోనే స్కాట్లండుది వేరే వ్యవస్థ, అక్కడ నమోదు 1855లో మొదలైంది.

ఆయన పెళ్లి చేసుకున్నట్టు ఏ ఉత్తరంలోనూ లేదు. అయినా వెతకడం నా బాధ్యత. తొమ్మిది రూపాలతో 1958 నుంచి 1970 దాకా చూస్తే రెండే నమోదులు నిలబడ్డాయి. ఒకటి 1961లో లండన్‌ది, దానిలో పేరు నౌక జాబితాలో ఉన్న కూర్పుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. రెండవది 1964 డిసెంబరు త్రైమాసికంలో బోల్టన్‌ది, దానిలో కూర్పు వేరు. అక్షరాల పోలికకు లొంగిపోయి లండన్ నకలు తెప్పించాను. ఐదు వారాలకు వచ్చింది. వరుడి తండ్రి రైల్వే గుమస్తా, పేరు మరెవరిదో. కుటుంబం డబ్బు, కాలం నా వల్ల వృథా అయ్యాయి. ఉత్తరాలలో 1961 నుంచి పేరు కూర్పు మారిందని నేనే రాసుకుని, అవసరమైన వేళ దానిని చూడలేదు. అప్పటినుంచి, అక్షరాల కంటే ఊరికి ఎక్కువ విలువ ఇస్తున్నాను.

బోల్టన్ నకలు వచ్చిన రోజు సందేహాలన్నీ తీరాయి. అప్పటి ఇంగ్లండు వివాహ పత్రంలో వధూవరుల పేర్లు, వయసు, అంతకుముందు పెళ్లి అయిందా లేదా అన్న వివరం, వృత్తి, నివాసం ఉండేవి. వాటితోపాటు ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉండేవి. తల్లుల పేర్లు చేర్చడం 2021 మేలో కొత్త పద్ధతి వచ్చాకే మొదలైంది. మన పనికి ప్రాణం పోసేది ఆ తండ్రి గడి. వరుడి పేరులో ముక్కలైపోయిన ఇంటిపేరు తండ్రి పేరులో పూర్తిగా, మన వరుసలోనే ఉంది. పక్కన వృత్తి చేతిమగ్గం నేతగాడు అని, కింద మరణించారు అని ఉంది. ఉపాధ్యాయుడి తాత, అంటే వరుడి తండ్రి, పోయినది 1962లో, పెళ్లి 1964లో. రేకుపెట్టెలోని ఆ పెద్ద ఉత్తరంతో ఇది సరిపోయింది. వరుడి వయసు 31, నివాసం మూడవ చిరునామా.

మనకు జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఇచ్చేది స్థానిక రిజిస్ట్రార్లు పంపిన ప్రతుల నుంచి తీసిన నకలు. అసలు సంతకాలు ఉండేది స్థానిక పుస్తకంలో. అందుకని బోల్టన్ కార్యాలయానికి కూడా రాశాను. జాతీయ సూచికలోని సంపుటం, పేజీ సంఖ్యలు స్థానిక కార్యాలయంలో పనికిరావు, తేదీ, పేర్లు ఇచ్చి అడగాలి. వారు పుస్తకంలోని పేజీకి ఫొటోకాపీ పంపారు. సంతకం కింద ఎడమ నుంచి కుడికి పైకి లేచే గీత ఎయిరోగ్రాములలో ఉన్నదే.

పెళ్లి సంగతి ఇంటివాళ్లకు కొత్త. వధువు అక్కడి మిల్లులోనే పనిచేసిన స్థానికురాలు. తల్లికి ఎందుకు చెప్పలేదు, 1967లో ఉత్తరాలు ఎందుకు ఆగాయి అని నన్ను చాలామంది అడిగారు. నా దగ్గర ఉన్న ఏ పత్రంలోనూ దానికి జవాబు లేదు. అలాంటి చోట ఊహించి కథ కట్టి ఇవ్వడం ఈ వృత్తికి తగని పని.

ఫస్లీ సంవత్సరం, మరణ నమోదు

1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి జనన సూచికలో తల్లి పుట్టింటి వంశనామం కూడా ఉంటుంది. తండ్రి వంశనామం, తల్లి వంశనామం రెండూ ఇచ్చి వెతికితే ఒకే నమోదు వచ్చింది: 1966లో, బోల్టన్‌లో, ఒక ఆడపిల్ల. ఆమె జనన పత్రం తెప్పించవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. అయితే ఆమె బతికి ఉండే అవకాశం ఎక్కువ కనుక, సూచికలో ఉన్నంత సమాచారమే మాకు చాలునని నిర్ణయించుకున్నాను.

మరణ సూచిక దగ్గర కొత్త చిక్కు వచ్చింది. 1969 జూన్ త్రైమాసికం నుంచి ఆ సూచికలో వయసు బదులు పుట్టిన తేదీ ఇస్తారు. ఇంతకంటే మంచి ఆనవాలు ఉండదు. 1984 నుంచి సూచిక త్రైమాసికాలుగా కాక ఏడాదికి ఒకటిగా ఉంటుంది. 1987లో బోల్టన్‌లో అదే వంశనామంతో ఒక మరణం ఉంది. 1974 నుంచి బోల్టన్ పరిపాలనలో గ్రేటర్ మాంచెస్టర్‌లోకి వెళ్లింది కనుక ల్యాంక్షైర్ అని మాత్రమే వెతికేవారు ఇక్కడ తప్పిపోతారు. పుట్టిన తేదీ 1933 మే అని ఉంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంవత్సరం 1932. ఉపాధ్యాయుడు నిరాశపడి, ఈయన మా పెద్దబాపు కాదేమో అన్నారు.

నేను పాఠశాల ధ్రువపత్రాన్ని మళ్లీ తీశాను. మండీబజార్‌లో ఉండే ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు దానిని ఓపికగా చదివి పెట్టారు. పుట్టిన తేదీ గడిలో తీర్ నెల, 1342 ఫస్లీ అని ఉంది. నిజాం రాజ్యంలో పాఠశాలలూ, కచేరీలూ నడిచినది ఫస్లీ లెక్క మీద. ఆ ఏడాది ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని మన పెద్దలు చెప్పే సూత్రం అక్టోబరు నుంచి డిసెంబరు చివరిదాకానే సరిపోతుంది. జనవరి నుంచి 591 కలపాలి. తీర్ నెల మేలో మొదలవుతుంది. 1342కు 591 కలిపితే 1933. కుటుంబం దశాబ్దాలుగా చెప్పుకుంటున్న 1932 ఎవరో ఒకనాడు 590 కలిపి రాసిన సంఖ్య. ఇంగ్లండు సూచిక చెప్పిందే నిజమైన సంవత్సరం. నౌక జాబితాలోని 25, వివాహ పత్రంలోని 31 కూడా దీనితోనే సరిపోతాయి, 1932తో సరిపోవు. ఉత్తర తెలంగాణలో 1948కి ముందు పుట్టినవారి కోసం వెతికే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క ఏడాది తేడాను మనసులో పెట్టుకోవాలి. ఆ తేడా వల్ల సరైన నమోదును చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టేసినవారిని నేను చూశాను.

మరణ పత్రం వచ్చింది. 1969 ఏప్రిల్ నుంచి ఆ పత్రంలో పుట్టిన ఊరు కూడా రాస్తారు. ఆ గడిలో వరంగల్, ఇండియా అని ఉంది. వృత్తి గడిలో మగ్గాల ఓవర్‌లుకర్ అని ఉంది. మన మిల్లులలో జాబర్ అన్న ఉద్యోగానికి దగ్గరిది అది, ల్యాంక్షైర్ కార్మికులు టాక్లర్ అంటారు. ఆజంజాహిలో నేర్చుకున్న పనిలోనే చివరిదాకా ఉన్నారన్నమాట. మరణకారణం ఇక్కడ రాయను. సమాచారం ఇచ్చినవారి గడిలో కూతురు అనీ, ఆమె సంతకం, చిరునామా ఉన్నాయి. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు.

ఇంగ్లండులో 1858 నుంచి వీలునామాల, వారసత్వ ఉత్తర్వుల వార్షిక జాబితా ఉంది. అందులో ఆయన పేరు లేదు. కోర్టు ఉత్తర్వు అవసరం పడేంత సొంత ఆస్తి లేకపోతే పేరు ఉండదు, అంతకుమించి దానికి అర్థం లేదు. స్థానిక దహనవాటిక పుస్తకంలో దహనం జరిగిన తేదీ, అస్థికలు కుటుంబానికి అప్పగించినట్టు నమోదు దొరికాయి.

ఇక్కడ మన జిల్లాల సంగతి ఒకటి చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లి అక్కడే మరణించినవారి ఇళ్లలో చాలాసార్లు రంగు వెలసిన ఒక ఫొటోకాపీ మాత్రమే మిగులుతుంది. అక్కడి ప్రభుత్వం అరబ్బీలో ఇచ్చిన మరణ పత్రమూ, భారత రాయబార కార్యాలయంలో జరిగిన మరణ నమోదు పత్రమూ రెండూ అసలువి దాచుకోండి. యాభై ఏళ్ల తర్వాత ఆ ఇంటి మనవలు వెతికేటప్పుడు తిరగేయడానికి బోల్టన్‌లో ఉన్నటువంటి తెరిచిన సూచిక వాళ్లకు ఉండదు.

పత్రం ఎవరిది

ఉమ్మడి ఇంటి స్థలంలో పెద్దబాపు వాటా ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మరణ పత్రం వచ్చిందని తెలిశాక కుటుంబంలోని ఒకరు నా దగ్గరికి విడిగా వచ్చి, మరణ పత్రం మాత్రం ఇచ్చి, వివాహం, బిడ్డ సంగతి ఫైలులో లేకుండా చూడమన్నారు. భారత్, బ్రిటన్ రెండూ అపోస్టిల్ (ఒక దేశపు పత్రం మరో దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) ఒప్పందంలో ఉన్న దేశాలు. బ్రిటన్‌లో అపోస్టిల్ ముద్ర వేయించిన మరణ పత్రం ఇక్కడి కార్యాలయాలలో చెల్లుతుంది. ఆయనకు కావలసినది అంతే. నేను ఒప్పుకోలేదు. దొరికిన నమోదులన్నిటినీ ఒకే ఫైలులో, ఒకే రోజు, కేసు తెచ్చిన ఉపాధ్యాయుడి చేతికి ఇచ్చాను. ఆయన ఆ మాట విని, మొదట ఆ అమ్మాయిని వెతకండి, స్థలం సంగతి ఆమెతోనే మాట్లాడుతానన్నారు.

వివాహ సూచికలో 1912 నుంచి జీవిత భాగస్వామి వంశనామం కూడా ఉంటుంది కనుక, 1991లో బోల్టన్‌లో జరిగిన ఆమె పెళ్లి, ఆ తర్వాతి వంశనామం తెలిశాయి. అందరూ చూడగల ఓటర్ల జాబితా నుంచి చిరునామా దొరికింది. ఫోను చేయలేదు, సామాజిక మాధ్యమాలలో పలకరించలేదు. ఇలాంటి వార్త మనిషికి ఒంటరిగా కూర్చుని చదువుకునే వీలుగా చేరాలి. ఉపాధ్యాయుడు ఆంగ్లంలో స్వయంగా ఒక పేజీ ఉత్తరం రాశారు. మంచులో తీసిన ఫొటో ప్రతి జతచేశాం. జవాబు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనక్కరలేదని చివర రాయమని నేనే చెప్పాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఆ ఫొటో తీసింది తన తల్లి అని రాసింది. ఆమె తన తండ్రి కుటుంబం కోసం ఇరవై ఏళ్లుగా వెతుకుతోంది. వరంగల్‌లో తన వంశనామం ఉన్నవాళ్లెవరో కనుక్కుందామని, తండ్రి సొంతపేరునే ఇంటిపేరు అనుకుని వెతికింది. ఆ పేరు తెలంగాణలో ఊరూరా ఉంటుంది, వాళ్లెవరూ ఆమెకు ఏమీ కారు. ఇంటిపేరు ఆమెకు తెలుసు, కానీ తండ్రి కాగితాలలో అది ముందు గడిలో ఉంది కనుక అది ఆయన ముద్దుపేరో, మొదటి పేరో అనుకుంది. ఇక్కడివాళ్లు ఇంటిపేరుతో అక్కడ వెతికారు, తండ్రి సొంతపేరుతో ఆమె ఇక్కడ వెతికింది. ఇంటిపేరు సరిగ్గా ఎలా పలకాలో చెప్పమని అడిగింది. ఉపాధ్యాయుడు మూడుసార్లు నిదానంగా పలికి, ఫోనులో రికార్డు చేసి పంపారు.

మిగిలినది తిథి. ఇంగ్లండు మరణ పత్రంలో తేదీ ఉంటుంది, సమయం ఉండదు. పురోహితుడు పంచాంగం చూసి, ఆ రోజు పగటిపూట తిథి మారిందని, వేళ తెలియాలని అన్నారు. కూతురిని అడిగితే, తెల్లవారకముందే ఆసుపత్రి నుంచి కబురు వచ్చిందని గుర్తు చేసుకుంది. పోయిన ఊరి సూర్యోదయం లెక్కన పురోహితుడు ఒక తిథి నిర్ణయించి రాసిచ్చారు. ఏటా పెట్టవలసినది ఆ తిథికి. పెత్తరమాసకు మాత్రం ఏ లెక్కా అక్కరలేదు, పోయిన పెద్దలందరికీ అది ఒక్కటే రోజు.

ఆ ఏడాది పెత్తరమాస నాడు బియ్యం, కూరగాయలు, పప్పు, బెల్లం పెట్టిన చాటలు వరుసగా ఉన్నాయి. తాత, నాయనమ్మ, తండ్రి పేర్లు అయ్యాక ఉపాధ్యాయుడు ఇంకొక చాట ముందుకు జరిపారు. ఎవరి పేరు మీద అని పురోహితుడు అడిగినప్పుడు, ఇంటిపేరు ముందు చెప్పి, తర్వాత పేరు చెప్పారు.